చుక్కల పురుడు

వర్ధన్నపేట దిక్కు మా తాతకు చేను ఉండేది. ఆ చేన్ల ఒక్క పత్తికాయ పగిలితే ఊరందరికీ పరుపులు కుట్టిన్రని నేను చెప్తుంట. ఎవలన్న నమ్మనట్టు మొఖం పెడితే, ఆ పరుపుల మీద పండుకున్నోళ్లు ఇంకా లేవలేదని గూడ చెప్త. వరంగల్ చౌరస్తా కాడ నాది గాజుసామాను దుకాణం. నా దుకాణంల సరుకు కంటె ముచ్చట్లే ఎక్కువ పోతయని పక్క బట్టల దుకాణం సేటు అంటడు. ఆయన ఉన్నదున్నట్టు మాట్లాడుతడు. అదే ఆయన లోపం.

కోతలు కోస్తడన్న నా ఈ పేరు వల్ల దెబ్బ తిన్నది మాత్రం నా మేనకోడలు, నా చెల్లె బిడ్డ. పుణెల పీహెచ్‌డీ చేస్తాంది. చానా దూరం ఉన్న గెలాక్సీలల్ల చుక్కలు ఎట్ల పుడుతయో చూసే సదువు. సదువుల చేరినంక వాళ్లమ్మకు ఫోన్ చేసి ఇట్ల చెప్పిందట: "అమ్మా, నేను చూసే వెలుగు బయలెల్లినప్పుడు మన భూమే పుట్టలేదు. నడుమ వేరే గెలాక్సీలున్నయి. వాటి బరువుకు ఆ వెలుగు వంగి, పెద్దగై మన దాక వస్తాంది."

చెల్లె ఆ ఫోను పెట్టేసి నాకు చేసింది. "అన్నా, దానికి నీ రోగమే అంటుకున్నది!"

అప్పటిసంది వాళ్లుండే సుబేదారిల ఎవలడిగినా, "మా బిడ్డ బ్యాంకు పరీక్షలకు సదువుతాంది" అని చెప్పుడు పెట్టింది. మొన్న ఎండకాలం కోడలు ఇంటికి వచ్చినప్పుడు ఒక పెండ్లిల వాళ్ల చుట్టపామె, "ఏ బ్యాంకు బిడ్డా?" అని అడిగిందట. అప్పటిదాక ఆ పిల్లకు ఈ సంగతే తెల్వది. తెల్లారి నా దుకాణానికొచ్చి స్టూలు మీద కూలవడ్డది.

"మామా, తప్పు చేసినోళ్లను దాసినట్టు దాస్తాంది నన్ను. నాకు మెచ్చుకోళ్లు వద్దు. మా అమ్మ నా పనిని ఒక్కసారి నిజమని నమ్మితే చాలు. నువ్వన్న జర చెప్పరాదూ?"

"నేను చెప్తే ఉన్న కొంచెం నమ్మకం గూడ పోతది బిడ్డా," అన్న. "నోరు మూసుకునుడే నేను చెయ్యగలిగే సాయం."

అంత కష్టమైన మాట నేను ఎవలకూ ఇచ్చి ఎరుగ.

కొత్త కప్పులొచ్చినయని సాయంత్రం చెల్లెను దుకాణానికి పిలిచిన. కప్పులు నిజంగనే వచ్చినయి. దీపాల యాళ్లకు వచ్చింది. లక్ష్మీదేవి పటం ముందల దీపం ముట్టిచ్చి నేను గల్లా ఎనుక కూసున్న. ముచ్చట వాసన ఎట్ల తగుల్తదో, సేటు గూడ చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చి నిలవడ్డడు.

రవాణాల పగిలినయి నేను పారెయ్య. అండ్లకెళ్లి కోడలు ఒక ఐస్‌క్రీం గ్లాసు ముక్క ఏరింది. కాలు మొదట్ల విరిగి, కింది గుండ్రటి అడుగొక్కటే మిగిలిన ముక్క. "అమ్మా, దీంట్లకెళ్లి దీపాన్ని చూడు."

చెల్లె ఒక కన్ను మూసి చూసింది. "దీపం రెండయ్యిందే!"

"జర పక్కకు జరుపు. ఇంక జర... ఆఁ, అక్కడనే ఉంచు."

చెల్లె కన్ను మార్చి మళ్ల చూసింది. ముక్కను సేటుకు ఇచ్చింది. సేటు నాకు ఇచ్చిండు. ఒత్తి మంట సాగి సాగి, నడుమ ఖాళీ ఉంచి, ఉంగరం లెక్క నిలవడ్డది.

"ఒత్తి ఒక్కటే," అన్నది కోడలు. "గాజు దాని వెలుగును వంచుతాంది. ఆకాశంల గాజు లేదు, బరువున్నది. గెలాక్సీలు ఒక్కకాడ గుంపుగూడితే, ఎనుకున్న గెలాక్సీ వెలుగు ఆ బరువుకు ఇట్లనే వంగుతది. ఒక్కటే నాలుగు జాగలల్ల కనపడ్తది."

"ఎలక్షన్లప్పుడు లీడరు లెక్క," అన్నడు సేటు.

"లీడరు మళ్ల కనపడడు సేటూ. ఇది రేపు చూసినా ఉంటది."

తర్వాత ఫోన్ల, దుర్బిణితోటి తీసిన ఫొటో ఒకటి తెరిచి, ఫోను వాళ్లమ్మ చేతిల పెట్టింది. నల్లటి ఆకాశంల నీలం రంగు వంపు, విరిగిన చేతిగాజు లెక్క. దాని పొడుగున తెల్లటి గింజలు.

"ఈ గింజలు చుక్కల పురిటిండ్లమ్మా. చల్లటి గ్యాసు మబ్బు కుప్పగూలి, అండ్ల చుక్కలు పుడుతయి. వెలుగు వంగి పెద్దగ కాకపోతే ఆ గెలాక్సీ మొత్తం మన దుర్బిణికి చిన్న మరక. ఇప్పుడు లోపలి పురిటిండ్లు గూడ కనపడ్తానయి. కంప్యూటర్ల ఆ వంకర తీసి, అసలు రూపు చూసుడే నా పని."

ఎవలో వచ్చి చాయ్ కప్పులు అడిగిన్రు. ఆగుమని చెయ్యి ఊపిన. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కవొడుచుకున్నయి. ఆ వెలుగు బయలెల్లిననాడు చెరువుల్లేవు, చెరువు తవ్విన మనిషి లేడు, వాన లేదు, మన్ను లేదు. ఎవలకోసమనీ కాకుండ వచ్చి వచ్చి, చౌరస్తా కాడ ఆటోల మోత నడుమ, నా చెల్లె అరచేతిల ఆగింది. ఏ ముచ్చట ఇన్నా యాడ పట్టి గుంజితే పొడుగైతదా అని చూసుడు నాకు అలవాటు. దీన్ని గుంజుదామంటె అంచే దొరకలే.

చెల్లె చానాసేపు చూసింది. "ఇవి ఇప్పుడున్నయా బిడ్డా?"

"తెల్వదమ్మా. పెద్ద చుక్కలు తొందరగ కాలిపోతయి. అవి ఎప్పుడో పోయినయి. చిన్నవి ఉండొచ్చు. చిన్నవి ఎన్ని పుట్టినయో మాకు సక్కగ తెల్వదు."

"మరి నడుమ ఆ బరువు దేనిది?"

"చానామట్టుకు కంటికి కనపడనిదే. అదేందో ఎవలకూ తెల్వదు."

"ఎవలకూ?"

"ఎవలకూ."

సేటు పకపక నవ్విండు. "ఏం సదువమ్మా ఇది, ఏదడిగినా తెల్వదని!"

చెల్లె నవ్వలేదు. నా దిక్కు వేలు చూపిచ్చింది. "మా అన్నకు మాటలచ్చినకాడికెళ్లి 'నాకు తెల్వదు' అన్నది నేను ఇనలే. కప్పకు ఎన్ని పండ్లో అడుగు, చెప్తడు. ఇదేమో ఇంత సదివి తెల్వదంటాంది. అబద్ధమాడేటోనికి తెల్వంది ఉండదు సేటూ. నా బిడ్డ చెప్పేది నిజం."

కోడలు తలవంచుకొని గాజుముక్కను చున్నీతోటి తుడుసుకుంట కూసున్నది. దాని మీద దుమ్మేం లేదు.

చెల్లె అక్కడనే నిలవడి, పెండ్లిల అడిగిన ఆ చుట్టపామెకు ఫోన్ కలిపింది. "వదినా, బ్యాంకు గాదు. నేనే ఉత్తగ చెప్పిన. నా బిడ్డ చుక్కలు పుట్టుడు చూస్తది... ఆ, ఆకాశంలయే!"

అవతల నుంచి పెద్ద ప్రశ్నే వచ్చినట్టున్నది. చెల్లె అంత ఇన్నది.

"గది నాకు తెల్వదు వదినా," అన్నది, బజారంత ఇనేటట్టు. "మా బిడ్డకు గూడ తెల్వదంట!"