ఆల్చిప్పలను నాటిన సారు

మా సైన్సు సారు కాలం చేశారన్న వార్త నాకు అల్లం మండీ ముందు, ఎడ్లబండికి దారి ఇస్తూ నిలబడ్డప్పుడు అందింది. చెప్పినవాడు మా బడి అటెండరు. సైకిలు దిగకుండానే చెప్పాడు. "సారు పోయిండు సారూ. పొద్దుగాల చాయ్ ఇయ్యబోతె లేస్తలేడట. సారమ్మ మిమ్మల్ని తోలుకరమ్మన్నది." సారు, సారమ్మ దంపతుల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఒకే బడిలో ఆయన సైన్సు, నేను తెలుగు చెప్పాం.

తరువాత బడి ఆవరణలో సంతాప సభ జరిగింది. అధ్యక్షత వహించినవారు, ఒకప్పుడు మా వాగు మీద ఆనకట్ట పనులు చూసి, ఆ పుణ్యాన పెద్ద పదవికి ఎదిగిన ఇంజనీరుగారు. "సారు నీళ్లల్ల ఉండే జీవుల కోసం పానం పెట్టిండు. మా డిపార్టుమెంటు ఆయనకు ఎప్పుడూ అండగ నిలబడ్డది" అని వారు సెలవిచ్చారు. నోటిదాకా ఒక జవాబు వచ్చింది. సభామర్యాదను అనుసరించి, మౌనం పాటించిన కాసేపట్లో దానిని దిగమింగాను. ఈ వ్యాసాన్ని ఆ మౌనానికి అనుబంధంగా పాఠకులు స్వీకరించగలరు.

చేతికి నీళ్ల గ్లాసు ఇస్తే మా సారు వెంటనే తాగేవారు కారు. వెలుతురుకు ఎత్తి, కంసాలి రాయిని పరీక్షించినట్టు చూసి, ఆ తరువాత తాగేవారు. ఏటా బడి తెరిచిన కొత్తలో తరగతి కిటికీలో రెండు గాజుసీసాలు పెట్టి, రెంటిలోనూ వాగు బురదనీళ్లు పోసేవారు. ఒకదానిలో మాత్రం బతికున్న ఆల్చిప్పను దించేవారు. ఆఖరి గంట కొట్టే వేళకు ఆ సీసాలో నీళ్లు తేరేవి. రెండవది బురదగానే ఉండేది. "చూసిన్రా? నీళ్లు తేటగున్నయంటే, కనబడకుంట ఎవరో పని చేస్తున్నరన్నట్టు" అనేవారు. పిల్లలు పరీక్షల తరువాత సైన్సంతా మరిచిపోయేవారు గాని, ఆ మాటను మరిచిపోయినవాడు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇంట్లో సారమ్మ పాలగిన్నె అడుగున అంటిన గోకును ఆల్చిప్పతోనే గీకి తీసేది. సారు ఆ గోకును చిన్నపిల్లవాడిలా చెయ్యి చాపి తినేవారు. "చచ్చినంక గూడ కొలువు చేస్తది ఇది. మనం పింఛనొస్తే పంటం" అని నవ్వేవారు.

డెబ్బయ్యవ దశకం చివర ప్రభుత్వంవారు మా వాగు మీద ఆనకట్ట కట్టడానికి సంకల్పించారు. కరువు చూసినవాళ్లం, మాలో దానిని కాదన్నవారు లేరు. సారు అసలే అనలేదు. అయితే ఆనకట్ట పడే చోట ఎండాకాలంలోనూ ఎండని ఒక మడుగు ఉండేది. దాని అడుగున, ఒండ్రులో సగం దిగబడి, ఆల్చిప్పలు కిక్కిరిసి ఉండేవి. మడుగును తోడి ఎండగట్టకముందే వాటిని ఏరి, ఎగువ మడుగులోకి మార్చాలన్నదే సారు కోరిక. ఆ కోరికతో ఆయన ఇంజనీరుగారి కార్యాలయానికి వెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను.

"చిప్పలా?" అన్నారు ఇంజనీరుగారు. "నష్టపరిహారం భూమికుంటది, బాయికుంటది, చింతచెట్టుకు గూడ ఉంటది. చిప్పకు యాడుంది సారూ? దాని పట్టా ఎవరి పేరు మీదుంది?"

"పట్టా లేదు సారూ. గాని కబ్జల ఉన్నయి, మా తాతలకంటె ముందుసంది" అన్నారు మా సారు.

పక్క కుర్చీలో ఉన్న గుత్తేదారు ముందుకు వంగాడు. "నిజం చెప్పున్రి సారూ, ముత్యాలు గిట్ట ఎల్తయా? ఎవలికి చెప్ప, నీ తోడు."

"ఎల్లవు."

"మరి గింత తిరుగుడెందుకు?"

ఈ ప్రశ్నకు భూమండలం మీద జవాబు లేనందువల్ల అందరూ నవ్వారు. సారు నవ్వలేదు, లేవలేదు కూడా. ఆయనను లేపడానికి మరో మార్గం లేక, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్న సందర్భాన్ని పురస్కరించుకొని ఇంజనీరుగారు అనుమతి ప్రసాదించారు. పునాది గుంత పడే సగం మడుగులోని చిప్పలను గుత్తేదారు మనుషులే తీసి మార్చాలని నిర్ణయమైంది. తడి గోనెపట్టల కింద నీడన పెట్టాలని, అదే రోజు ఎగువన నీళ్లలో దించాలని సారు మళ్లీ మళ్లీ చెప్పారు. "ఫికర్ చెయ్యకున్రి" అన్నారు ఇంజనీరుగారు. మా ప్రాంతంలో ఫికర్ మొదలయ్యేది ఆ మాటతోనే.

చిప్పలు మడుగు నుండి కదిలాయి. కాని ఎగువకు పోలేదు. పెద్ద అధికారి వాగు దాకా నడవడం కంటే వాగే అధికారి దాకా రావడం ఉచితమని భావించి, వాటిని ఆయన దిగే బంగళా పెరట్లో నీళ్లు నిల్వచేసే సిమెంటు హౌజులో పోశారు. అంతటితోనైనా బతికేవేమో. పెద్దవాళ్లు వస్తే బ్లీచింగు పౌడరు చల్లడం మాకు ఆచారం. బాటకు ఇరువైపులా ముగ్గులా గీస్తాం, గడప ముందు దానితోనే 'స్వాగతం' అని రాస్తాం, మిగిలినది నీళ్లలో కలుపుతాం. హౌజులోనూ కలిపారు. చేతికి పొదుపు తెలియని మనిషెవరో నిండుగా కలిపారు. ఇందులో ఏ ఒక్కరికీ దురుద్దేశం లేదని నేను సత్యప్రమాణంగా చెప్పగలను.

సంగతి తెలిసి మేము వెళ్లేసరికి వాచ్‌మన్ తువాలు ముక్కుకు కట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మీ చిప్పలన్ని నోర్లు తెరిచినయి సారూ" అన్నాడు. ఆ కంపును వర్ణించగల పదం నేను ముప్పయ్యేళ్లు బోధించిన భాషలో లేదు. గుత్తేదారు మనుషులు హౌజు చుట్టూ కూర్చొని, ఒక్కొక్క చిప్పలో వేళ్లు పెట్టి కెలుకుతున్నారు. ముత్యాల కోసమే. ముత్యం దొరకలేదు. మాంసం కాకులకు పోయింది. గుల్లలు సున్నపు బట్టీకి వెళ్లాయి.

తరువాత శంకుస్థాపన మహోత్సవం ఘనంగా జరిగింది. శిలాఫలకం దిమ్మె కళ్లు చెదిరేంత తెల్లగా మెరిసింది. వచ్చిన పెద్దలకు గుత్తేదారు స్వయంగా పాన్ అందించాడు. మా సారు చేతిలోనూ ఒకటి పెట్టాడు.

"సున్నం బాగ తెల్లగుంది. యాడిది?" అని అడిగారు సారు, దిమ్మెను చూస్తూ.

"మీదే సారూ! మీ చిప్పలదే. దిమ్మెకు అదే, పానుకు అదే. ఒక్కటి గూడ వేస్టు కానియ్యలే."

సారు పాన్ మడత విప్పారు. ఆకు మీద తెల్లని గీతను చాలాసేపు చూశారు. మళ్లీ మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వస్తుండగా దారిలో ఒకే మాట అన్నారు: "వాళ్లు సంపలేదయ్యా. మర్యాద చేసిన్రు. నాకు గదే భయం."

మిగిలిన సగం మడుగును అంగడి రోజు దాటగానే తోడేస్తారని తెలిసింది. ఈసారి సారు ఏ కార్యాలయానికీ వెళ్లలేదు. అల్లం చేలల్లో పనిచేసే ఆడవాళ్ల గుంపు దగ్గరకు వెళ్లారు. ఆ గుంపుకు పెద్ద అయిన ఆమెను అందరూ అక్క అనేవారు. సారు ఆమె చేతిలో ఒక ఆల్చిప్పను పెట్టి, బడిలో చెప్పినట్టే మొదలుపెట్టారు. "దీని పూర్వభాగం అధోముఖంగా ఉండాలె. శ్వాసనాళాలున్న భాగం ఊర్ధ్వముఖంగా..."

"ఏం తెలుగు సారూ ఇది!" అని అడ్డుకున్నది ఆమె. "అల్లం పెట్టినట్టేనా? మొలకొచ్చే కన్ను మీదికి, నడుము దాంక మట్టిల?"

సారు చిప్పను చూశారు, ఆమెను చూశారు. "గంతే" అన్నారు.

"గంత దానికి గింత చదువు చదివినవా!" అంటే ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. సారు కూడా నవ్వారు. శంకుస్థాపన తరువాత ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

మరునాడు తెల్లవారి వాళ్లు మడుగులో దిగారు. కాళ్ల వేళ్లతో తడిమి, వంగి తీసి, తడి గోనెల్లో పేర్చారు. బండిలో ఎగువ మడుగుకు చేర్చి, మోకాళ్ల లోతు నీళ్లలో వరుసగా, ఒక్కొక్కటి కన్ను పైకి పెట్టి నాటారు. సారు పంట్లాం మడిచి వాళ్ల వెనుకనే నడుస్తూ, ఒరిగిన ప్రతి చిప్పను సరిచేశారు. "కోత లేని పంట పెట్టే రైతును నిన్నే సూసిన సారూ" అని అక్క ఎగతాళి చేసింది. పెద్దలెవరూ రాలేదు. కనుక బ్లీచింగు పౌడరు అవసరం కలగలేదు.

అవి బతికాయో లేదో సారు ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి ఎండాకాలం ఒక పూట కనబడకుండా పోయి, మోచేతుల దాకా తడిసి వచ్చేవారు. "యాడికి పోయొచ్చిన్రు?" అని సారమ్మ అడిగితే, "చుట్టాల ఇంటికి" అనేవారు. గోడ ఇవతల నాకు వినబడేది.

సంతాప సభకు అక్కను ఎవరూ పిలవలేదు. సభ ముగిశాక నేనే ఆమె ఇంటికి వెళ్లాను. ఇద్దరం ఎగువ మడుగుకు నడిచాం. ఒడ్డున, నీటి అంచులో, కొత్తగా పాతిన సర్వే రాయి ఉంది. దాని నెత్తికి సున్నం పూసి ఉంది. ఇంకో పని మంజూరైందన్నమాట. అక్క దానిని చూసి పక్కకు ఉమ్మింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆమె అలా ఒక్క క్షణంలో ముగించింది.

"సారు లేకపాయె" అన్నాను.

"మేమున్నం గద. జర ముందుగాల చెప్పు. అల్లం పెట్టే దినాలల్ల వస్తే మాకు తీరదు."

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి నీళ్లలో దిగింది. మెత్తని ఒండ్రు మీద, వేలితో గీసినట్టు ఒక సన్నని గీత కనబడింది. సర్వే రాయి మొదట్లో మొదలై, వంకర తిరుగుతూ, లోతు వైపు సాగింది. దాని చివర, ఆ గీతను గీస్తూ పాకివచ్చిన ఆల్చిప్ప నిలువునా దిగబడి ఉంది. అక్క చెయ్యి ముంచి దానిని తాకింది, పీకలేదు.

"కన్ను మీదికే ఉన్నది" అన్నది.

ఆమె కాళ్లు రేపిన బురద మెల్లగా సర్దుకున్నది. అక్క తాకగానే మూసుకున్న ఆ చిప్ప మళ్లీ కొద్దిగా నోరు తెరిచింది. దాని ముందు దోసెడంత నీరు అప్పటికే తేటపడుతున్నది.