పడుకున్న ముల్లూ పిన్ని పంతమూ

ఆ రోజుల్లో మా ద్వీపానికి ఏ వస్తువు కావాలన్నా ఓడ మీద రావాలి, ఓడ రావాలంటే సముద్రం ఒప్పుకోవాలి. అందుకే పోర్ట్ బ్లెయిర్ మనుషులకు ఓపిక ఎక్కువని పేరు. ఆ పేరు నా వల్ల రాలేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నాకు ఓపిక లేదు, కోపం మాత్రం పుష్కలంగా ఉండేది. (మా ఆవిడ పక్కనుంచి "ఉండేది కాదు, ఉంది అని రాయండి" అంటోంది.) ఇన్నేళ్లయినా నా పాత కారు మీటరులోని ఆ ఆర్పీఎం ముల్లు సంగతి తలచుకుంటే నాకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాతే నవ్వొస్తుంది. నా ఆక్రోశం సబబో కాదో, విన్నాక మీరే చెప్పండి.

అప్పుడు నాకు హార్బరు దగ్గర ఒక ఆఫీసులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో కొత్త ఉద్యోగం. ఉద్యోగం కంటే నన్ను ఎక్కువ ఊరేగించింది నేను కొన్న పాత ఎర్ర కారు. మాది శ్రీకాకుళం ఒడ్డు నుంచి, సర్కారు ఇక్కడ జనానికి చోటిచ్చిన సెటిల్‌మెంట్ రోజుల్లో వచ్చి చేపల వేట మీద బతికిన కుటుంబం. పడవలు తప్ప నాలుగు చక్రాల బండి మా వంశంలో ఎవరికీ లేదు. పిన్ని కూతురు, అంటే మా చెల్లి, ఫ్రాకు వేసుకునే వయసులోనే నా దగ్గర మాట తీసుకుంది. "అన్నా, నా పెళ్లికి నీ బండిలోనే ఎల్తాను" అంది. అప్పటికి నా దగ్గర ఉన్నది సైకిలు. సరేనన్నాను. ఇప్పుడు కారు కొన్నాను, చెల్లికి బాంబూఫ్లాట్ సంబంధం కుదిరింది. పెళ్లి మగపెళ్లివారి ఇంట్లో. మేముండే డిగ్నాబాద్ నుంచి చాతం రేవు దాకా రోడ్డు మీద, అక్కడినుంచి ఫెర్రీ మీద కారుతో సహా నీళ్లు దాటి పెళ్లికూతుర్ని దింపాలి. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న సమయానికి నా కారు చచ్చింది.

ఉప్పుగాలి తిని కారులో ఇంజను నడిపే కంప్యూటరు లోపలంతా పచ్చగా చిలుము పట్టింది. కంపెనీది మళ్లీ తెప్పించాలంటే పెళ్లయి, చెల్లికి పిల్లలు పుట్టి, వాళ్లు బడికి వెళ్లే నాటికి వచ్చేటట్టుంది. చెన్నైలో ఉన్న నా స్నేహితుడు ఏ ఇంజనుకైనా సరిపడేలా అమర్చుకోగలిగే బయటి కంప్యూటరు డబ్బా ఒకటి ఓడలో పంపాడు. ఆ డబ్బాకు మా కారుతో చుట్టరికం కలపడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. వైర్లన్నీ విప్పాను, కట్టాను, మళ్లీ విప్పాను. ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక పేజీ తెరుచుకునే లోపల టీ తాగి, ఇంటికెళ్లి, అన్నం తిని వచ్చేవాణ్ని. చివరికి ఒక ఆదివారం ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పాత కంప్యూటరుతో ఏనాడూ లేనంత మెత్తగా పాడింది. నేను గర్వంతో పొంగిపోయి, రోడ్డు మీద పోతున్న వాళ్లను కూడా ఆపి వినిపించాను.

పిన్నిని పిలిచాను. ఆవిడ వచ్చింది, ఇంజను కేసి చూడలేదు, పాట వినలేదు. ముందు సీట్లో కూర్చుని డాష్‌బోర్డు మీద వేలు పెట్టింది.

"ఏట్రా ఇది? ఈ ముల్లు పడుకుండిపోనాది?"

అది ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే మీటరు, కారుతో పాటే కంపెనీలో బిగించింది. కొత్త కంప్యూటరు పెట్టాక అది పనిచెయ్యడం మానేసింది. అది లేకపోయినా కారుకు వచ్చిన లోటేమీ లేదని చెప్పాను.

"లోటు నేకపోతే ఆ కంపెనీవోడు ఎందుకెట్టాడు? పడుకున్న ముల్లున్న బండిలో నా పిల్లని నీల్ల మీదికి ఎక్కించను. పక్కింటి భయ్యా జీపులో అన్ని ముల్లులూ లేచే ఉంతాయి. దాంట్లో ఎల్దాం."

మా పడవలవాళ్లలో ఈ పట్టింపు ఉన్నమాట నిజమే. ఇంజను స్టార్టు చేశాక మీటర్లలో ముల్లు లేవందే ముసలివాళ్లు లంగరు ఎత్తరు. కానీ అది పడవ, ఇది కారు! ఇంత చదువుకుని, ఇన్ని వైర్లు కలిపి, చచ్చిన బండిని బతికిస్తే, మూలనున్న ముల్లు లేవలేదని పక్కింటి వాడి జీపా? పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు పెళ్లికారులో ఈ పట్టింపేమిటి? ఆ జీపు పొగకు పెళ్లికూతురి పట్టుచీర నల్లబడుతుందని వాదించాను. (అది అబద్ధం కాదు. ఆ జీపు వెనకాల వెళ్లిన కుక్కలు కూడా దగ్గేవి.) పిన్ని వినలేదు. చెల్లి మాత్రం గుమ్మంలో నిలబడి "అన్నా, మాటిచ్చినావు కదా" అంది. ఆ ఒక్క మాటతో నేను మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాను.

ఇక ముల్లుతో యుద్ధం. జబ్బేమిటో తెలుసుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. పాత మీటరుకు ఇంజను కాయిల్ నుంచి వచ్చే గట్టి విద్యుత్తు దెబ్బలు లెక్కపెట్టడం అలవాటు. కొత్త కంప్యూటరు పంపేవి బలహీనమైన సంకేతాలు. చెవుడున్న తాతగారి దగ్గర గుసగుసలాడితే ఏం లాభం, అరవాలి. ఆ గుసగుసను అరుపుగా మార్చడానికి పాత హారన్‌కు వాడే రిలే, అంటే కరెంటుతో కొట్టుకునే చిన్న స్విచ్చు, ఒకటి మధ్యలో పెట్టమని, దాని లోపలి తీగచుట్ట ప్రతి సంకేతానికీ ఒక గట్టి తన్ను తంతుందని ఎవరో ఏ దేశంలోనో కూర్చుని ఇంటర్నెట్‌లో రాశాడు. (ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.) పెట్టాను. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది! కానీ రిలే లోపలి రేకు సంకేతానికొకసారి కొట్టుకుని, డాష్‌బోర్డు లోపల కీచురాయి దూరినట్టు ఒకటే రొద. పిన్ని చేతులు జోడించి "ముల్లుకి నోరు కూడా వచ్చినాది" అంది. నేను మూత తీసి, ఆ రేకు కదలకుండా మడిచిన అట్టముక్క దోపి రొద మాన్పించాను.

అయినా నాకు మనశ్శాంతి లేదు. కారు నిలబడి ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ముల్లు ఎంత చూపాలో అంతకు రెట్టింపు చూపిస్తోంది. కారు కంప్యూటరులో ఒక అంకె మారిస్తే సరిపోతుంది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క లాప్‌టాప్‌ను బతిమాలి తెచ్చి ఆ అంకె మార్చాను. ముల్లు దిగివచ్చి, నిజం చెబుతూ నిలబడింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. పిన్ని వచ్చి చూసి ముఖం చిట్లించింది.

"నిన్న సురుగ్గా ఉండేది కదరా. ఇయ్యాల నీరసంగా ఉంది. ఏటి సేసినావు దాన్ని?"

"పిన్నీ, నిన్నటిది అబద్ధం. ఇది నిజం."

"పెల్లికి నిజం ఎవుడికి కావాలిరా? నిన్నటిదే ఎట్టు."

ఇంతకంటే అన్యాయం ఉంటుందా? అయినా నేను వినలేదు. ముల్లు నిజమే చెబుతుంది, కావాలంటే జీపులో వెళ్లమన్నాను. పిన్ని చాలాసేపు ముల్లును చూసి, "సరే, లేచింది కదా" అంటూ ఒప్పుకుంది.

పెళ్లినాడు ముందు సీట్లో పిన్ని, వెనక పట్టుచీరలో చెల్లి. పిన్ని కళ్లు రోడ్డు మీద లేవు, ముల్లు మీద ఉన్నాయి. గేరు మార్చినప్పుడల్లా ముల్లు కిందికి జారుతుంది కదా, జారినప్పుడల్లా "పడిపోతంది! పడిపోతంది!" అని కేక. ఆ కేక పడలేక గేరు మార్చడం మానేసి, ఇంజనును గుక్కపట్టి ఏడిపిస్తూ చాతం దాకా వచ్చాను. దారిలో జనం చెవులు మూసుకున్నారు. వెనకనుంచి చెల్లి పగలబడి నవ్వుతోంది. నాకు మాత్రం ఆ నవ్వు కూడా అవమానంగానే తోచింది.

కారు ఫెర్రీ ఎక్కింది. ఖాకీ చొక్కా మనిషి వచ్చి కిటికీ మీద తట్టాడు. "భయ్యా, ఇంజన్ బంద్ కరో." ఫెర్రీ మీద ఇంజను ఆపాలన్నది రూలు. నేను తాళం మీద చెయ్యి వేశాను. పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"ఒద్దురా. నీల్ల మీద ఆపొద్దు."

"పిన్నీ, రూలు!" అని కసిరాను. ఖాకీ మనిషి మళ్లీ అరిచాడు. అప్పుడు పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి, తన వచ్చీరాని హిందీలో ఆ కొత్త మనిషికి చెప్పింది. "భయ్యా, మేరా ఆద్మీ కా బోట్ మే భీ సుయీ సో గయా థా. ఓ బోలా, కుఛ్ నహీ హోతా. గయా. వాపస్ నహీ ఆయా."

బాబాయి వేటకు వెళ్లి తిరిగి రాలేదని మాకందరికీ తెలుసు. ఆ రోజు ఆయన పడవ ఇంజనులో ఆయిలు ముల్లు పడుకునే ఉందని, "ఏమీ అవదు" అని ఆయన వెళ్లాడని మాత్రం అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. పిన్ని మాతో చెప్పలేదు. అన్నేళ్లు లోపల పెట్టుకుని, ఎవరో ముక్కూముఖం తెలియని ఖాకీ భయ్యాతో, తనది కాని భాషలో చెప్పింది. చెల్లి నవ్వు ఆగిపోయింది.

ఆ మనిషి కారు తలుపు తీసి "దీదీ, ఆవో" అని పిన్నిని మెట్ల మీదుగా పైకి, సరంగు ఫెర్రీ నడిపే గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ ఫెర్రీ ఇంజను మీటర్లు వరుసగా ఉంటాయి. నేను కారు ఆపాను. ఎన్నో ఆదివారాలు ధారపోసి లేపిన నా ముల్లు సున్నా మీదికి వాలింది. తలెత్తి చూస్తే, పైన అద్దంలోంచి జరీ చీరలో పిన్ని సరంగు పక్కన నిలబడి, ఆయన మీటర్ల మీదికి వంగి కాపలా కాస్తోంది. నీళ్లు దాటినంతసేపూ ఆవిడ కిందికి చూడలేదు. బాంబూఫ్లాట్ జెట్టీకి తగిలాక అద్దం తట్టి, చెల్లి కేసి చెయ్యి ఊపి, "అన్నీ లేచే ఉన్నాయే!" అని అరిచింది. చెల్లి కాటుక అప్పటికే చెదిరిపోయింది.

పెళ్లి భోజనాల్లో పిన్ని అందరికీ ఫెర్రీ ముళ్ల గురించే చెప్పింది. నా రిలే గురించి, అట్టముక్క గురించి ఒక్క మాట అంటే ఒట్టు. ఆ ఉడుకుమోతుతనం నాకు చాలాకాలం పోలేదు.

ఇప్పుడు నా దగ్గర కొత్త కారుంది. దాంట్లో ముల్లు కూడా లేదు, తెర మీద ముల్లు బొమ్మ ఉంది. మొదటిరోజు షోరూములో దాని మీద ఎంత గొడవపడ్డానో మా ఆవిడ ఇంకా చెప్పుకుని నవ్వుతుంది. పిన్ని ఇప్పుడు లేదు. బాంబూఫ్లాట్‌లో చెల్లిని చూడటానికి వెళ్లినప్పుడల్లా, ఫెర్రీ మీద రూలు ప్రకారం ఇంజను ఆపేస్తాను. ఆపి, దిగి, మోకాళ్లు పట్టుకుంటూ ఆ మెట్లెక్కి, సరంగు గది అద్దంలోంచి లోపలి మీటర్ల కేసి ఒక్కసారి చూసి వస్తాను. ఎక్కడికెళ్లారని మా ఆవిడ అడిగితే గాలి కోసం అని చెబుతాను.