బతికున్న మనిషికి పెట్టిన దీపం

కూలీల లైనులో మా గది గోడ మీద ఉన్నది ఒకే ఒక పటం. అది మా బంధువుది కాదు. మలాయాలో కువాలా సెలంగోర్ దగ్గర మా రబ్బరు తోటలో గుమస్తాగా ఉన్న మనీలా మాస్టరుది. తన దేశంలో పరాయి దొరల పాలన మీద కథలు రాశాడు, పేదల పిల్లలకు బడులు కావాలన్నాడు, జైలుకెళ్లాడు, చివరికి ఓడెక్కి ఇక్కడ తేలాడు. ఆదివారాలు మా అరుగు మీద కూర్చుని మలాయి భాషలో ఇవన్నీ చెబుతుంటే, సగమే అర్థమైనా మా అమ్మ కళ్లు తుడుచుకునేది. ఆయన్ని అన్నా అని పిలిచేది. కథలు రాసినందుకు మనిషిని తరమడమేమిటో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఒక ఉదయం ఆయన కనిపించలేదు. పోలీసులు వెతుకుతున్నారని తెలిసి, హుటాన్ మెలింటాంగ్ వైపు చేపల పడవలో వెళ్లిపోయాడని నాన్న గొంతు తగ్గించి చెప్పి పనిలోకి పోయాడు. ఆయనతో స్నేహం చేసినవాళ్లనీ పట్టుకుపోతారట. మధ్యాహ్నానికే పోలీసులు లైను మొదటి గదిలో పెట్టెలు తిరగేస్తున్నారు. మాది చివరి గది. ఆ పటం దాచడానికి చోటేదీ? భయంతో నా పావడా తడిసిపోయింది.

అమ్మ పెరట్లో మందారాలు తెంపి, దారానికి గుచ్చి పటానికి వేసింది. కుంకుమ తడిపి ఆయన నుదుట ఇంత బొట్టు పెట్టి, ముందు దీపం వెలిగించింది. పోయినవాళ్లకే మేం అలా చేస్తాం.

లోపలికొచ్చిన జవాను పటం ముందు ఆగాడు. "యారిదు?" అని అరవంలో అడిగాడు.

"మాయన్న బాబూ. సచ్చిపోనాడు," అంటూ అమ్మ నిజంగానే ఏడ్చేసింది.

అతను దీపానికి కాలు తగలకుండా పక్కనుంచి బయటికి నడిచాడు.

వాళ్లు వెళ్లగానే అమ్మ దీపం కొండెక్కించి కొంగుతో బొట్టు తుడిచింది. అద్దం లేని పటం, ఎర్ర మరక పోలేదు. "బతికున్నోడికి దీపమెట్టినానే! ఏటి సేసినాను!" అని గోడకు తల కొట్టుకుంది.

ఆయన కబురు మళ్లీ రాలేదు. ఏటా పెద్దలకు అన్నం పెట్టే రోజు వస్తే అమ్మకు దడ. ఆయనకు ఆకు వేస్తే చేజేతులా చంపినట్టు. వేయకపోతే, ఒకవేళ పోయి ఉంటే, ఆకలితో ఉంచినట్టు. వేసేది కాదు. ఆ పూట తానూ తినేది కాదు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నాను పోయినా ఆయనకి బొట్టెట్టకే. ఎక్కడో ఉన్నాడేమో" అంది.

ఇప్పుడు అమ్మ పటం కూడా ఆయన పటం పక్కనే ఉంది. ఉంటే ఆయనకు నూరేళ్లు ఎప్పుడో దాటి ఉంటాయి, ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా ఏటా అమ్మకు బొట్టు పెట్టి, అదే వేలు ఆయన నుదుటి దాకా తీసుకెళ్లి, భయమేసి వెనక్కి తీసుకుంటాను.