మామయ్య మెచ్చుకోలు కార్డులు

"నోరు మూసుకున్నందుకు కార్డా మాస్టారూ? అసలు అరిచిందెవరు?" హెడ్మాస్టరమ్మ గొంతు స్టాఫ్ రూమ్ బయటికి వినిపిస్తోంది.

"ఆ కుర్రాడు అరవడం మానేశాడు కదమ్మా, మెచ్చుకోవద్దా?" అని మామయ్య నీళ్లు నమిలాడు.

క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన మేనల్లుడు తలుపు దగ్గరే ఆగి నవ్వుకున్నాడు. పాఠం చెప్పడం చేతకాని మామయ్య, మంచి నడవడికకు కార్డులిచ్చే పథకాన్ని ఐదేళ్లుగా నెత్తికెత్తుకుని ఊరేగుతున్నాడు. పిల్లలు రెండో రోజే కిటుకు పట్టేశారు. బెంచీ ఎక్కి గంతులేసి, ఆయన కనబడగానే దిగితే చాలు, కార్డు. బుద్ధిగా కూర్చున్నవాళ్లకు మాత్రం ఏమీ లేదు.

"మీ కార్డులతో బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి రేపు చూపించండి. లేకపోతే పథకం ఎత్తేస్తాను" అందావిడ.

మామయ్య చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి మేనల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఒరేయ్, నువ్వూ ఇక్కడ చదివినవాడివే కదా! రేపొచ్చి నా కార్డుల వల్లే బాగుపడ్డానని చెప్పు. కాలేజీ మానేసిన సంగతి మాత్రం ఎత్తకురా, నీకు పుణ్యముంటుంది."