అక్క కొలిచిన నక్షత్రం

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా ఎదురింటి అక్క న్యూట్రాన్ నక్షత్రాల మీద పరిశోధన చేసేది. ఏం చేస్తున్నావని ఎవరడిగినా చిటికెడు ఉప్పు పట్టినట్టు వేళ్లు కలిపి, "ఆడ ఇంత తీస్తే కొండంత బరువుంటాది" అనేది.

గనిలో పీల్చిన రాతిదుమ్ముతో ఊపిరాడని వాళ్ల నాన్న ఒకసారి మంచంలోంచి, "దాని లోపల ఏముండాదమ్మా?" అని అడిగాడు.

"ఎవరికీ తెల్దు నాయనా. బరువు, వెడల్పు కొలిచి లోపలిది ఊహించాల. వెడల్పే సరిగ్గా చిక్కలేదు."

"నేను పోయేలోగా చెప్తావా?"

అక్క ఆయన వీపు నిమిరింది.

ఆయన పెద్దకర్మ రోజే నక్షత్రం వెడల్పు కొత్త కొలత అక్క ఫోన్లో వచ్చింది. వంటపాత్రల దగ్గర నిలబడి చదివి, "ఇదీ ఏమీ తేల్చలేదప్పా. లోపల ఏమైనా ఉండచ్చంట" అని నాతో చెప్పి, విస్తళ్లు వేయడానికి వెళ్లింది.