కొవ్వు సంగతి అడిగిన మామ

మా మేనమామది పెద్దముడియం దగ్గర ఊరు. గొర్రెల మందే ఆయన లోకం. నిరుడు ఎడమ కిడ్నీని గడ్డతో సహా తీసేశారు. గడ్డను పరీక్షించిన రిపోర్టు వచ్చేనాటికి ఆయన ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉన్నాడు. డాక్టరును కలవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. జబ్బు ఒంట్లో మిగిలుంటే మందను తమ్ముడికి అప్పగించాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అయినా మా ఊరి లైబ్రరీలో నేను తెరవని పుస్తకాల బీరువా లేదు. ఆ ఇంగ్లీషు రిపోర్టు సంగతి నేను తేలుస్తానన్నాను. అది క్రోమోఫోబ్ అనే అరుదైన రకం క్యాన్సర్. పాత వైద్య పుస్తకంలో ఆ పేరే లేదు. కొత్తదానిలో రెండు పేజీలు దొరికాయి. మూడు రోజులు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

"మేక మాదిరి ఆ కాగితం నములుతానే ఉండావు. ఏందంట అల్లుడా?" అన్నాడు మామ.

ఉత్సాహంగా మొదలుపెట్టాను. గడ్డను కోస్తే లేత గోధుమ రంగు. కణాలు పెద్దవి, పాలిపోయినవి. వాటి అంచులు మొక్కల కణాల గోడల్లా స్పష్టంగా ఉంటాయి. మధ్యలోని కేంద్రకం ఎండుద్రాక్షలా ముడతలు పడి, చుట్టూ తెల్లటి వలయంతో కనిపిస్తుంది.

మామ అంతా విన్నాడు. "శానా బాగుంది. చుట్టూ ఉండే కొవ్వులోకి పోయిందా, లేదా?"

నేను రిపోర్టును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"గొర్రెను కోసేటప్పుడు చూడల్యా నువ్వు? కిడ్నీ కొవ్వులో పొదిగినట్లుంటాది. దాంట్లో గడ్డ కనపడితే మేం ముందు కొవ్వు చూస్తాం. కొవ్వు బాగుంటే అది ఆడికే నిలబడినట్లు."

రిపోర్టు చివరి వరుసల్ని నేను సరిగా చదవనేలేదు. కణాల వర్ణన ముందు అవి చప్పగా అనిపించాయి. ఇప్పుడు వేలు పెట్టి చదివాను. కొవ్వులోకి పాకలేదు. రక్తనాళంలో లేదు. కోసిన అంచుల్లోనూ లేదు.

"ఇంకోసారి చదువు," అన్నాడు మామ. చదివాను.

డాక్టరు కూడా అదే చెప్పారు. ఇప్పటికి మందులేవీ అక్కర్లేదు, చెప్పినప్పుడల్లా వచ్చి స్కానింగు చేయించుకుంటే చాలన్నారు. మామను ఊళ్లో దించడానికి వెళ్తుంటే జమ్మలమడుగు బస్టాండు దగ్గర మామ ఎండుద్రాక్ష పొట్లం కొన్నాడు. ఒకటి తీసి ఎండ వెలుగులోకి ఎత్తి చూశాడు.

"ఇట్లుండెనా అది?"

"ఇట్లే మామా."

నోట్లో వేసుకుని, తమ్ముడికి ఫోన్ చేయమన్నాడు. "రేప్పొద్దున మంద నేనే తోలుకపోతానని చెప్పు."