మత్తడి లేని కట్ట

మొన్న తెలకపల్లి బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఫోన్లో సరిహద్దు వార్తలు చూస్తూ యుద్ధాన్ని తలా ఓ దిక్కు నడిపిస్తున్నారు. నేను పాత సిపాయినని హోటలాయన చెప్పేసరికి వాళ్ళలో ఒకాయన నా వైపు తిరిగి, "పెద్దనాయినా, బార్డర్ల పొద్దంత ఏం జేస్తరు? తుపాకి కాల్చుడేనా?" అని అడిగాడు. "కూసుంటం" అన్నాను. నేను పరాచికాలాడుతున్నాననుకుని ఆయన నవ్వాడు. నేను మాత్రం ఉన్న మాటే చెప్పాను.

యుద్ధం వచ్చిన ఆ ఏడు మంచుకొండ వాలులో మా బంకర్ ఉండేది. నలుగురం ఉండేవాళ్ళం. ఎదుటి కొండ శత్రువుది. పొద్దు పొడిచాక మా గడప ముందు కాకి వాలినా వాళ్ళకు కనిపించేది, వెంటనే గుండ్లు పడేవి. అందుకే పగలంతా లోపలే. నిలబడితే తలకు కప్పు తగిలేది, పడుకుంటే ముఖానికి ఇంకొకడి కాళ్ళు తగిలేవి. మంచు కరిగించి చాయ్ కాచుకునేవాళ్ళం. కిరోసిన్ పొగకు ఉమ్మి కూడా నల్లగా పడేది. తడిసిన మేజోళ్ళను పొట్టకు చుట్టుకుని ఆరబెట్టుకునేవాళ్ళం. కాలకృత్యాలకు ఖాళీ డబ్బాలే గతి. వాటిని పారేసే వంతు దగ్గర మేము పడిన కొట్లాటలు శత్రువుతో కూడా పడలేదు. చావంటే భయం ఉండేది, కాదనను. కానీ రోజూ అవే మూడు ముఖాలు, అదే పప్పు, ఆ పప్పులోకి కప్పు నుంచి రాలే అదే మట్టి చూసి చూసి, భయం కన్నా చిరాకే ఎక్కువగా ఉండేది.

మాకు పెద్ద ఒక హవల్దారు. ఆయనది మల్దకల్ దగ్గరి పల్లె. మన దిక్కు మనిషి దొరికాడన్న సంబరంతో నేను మొదటి రోజే అన్నా అన్నాను, అదే ఖాయమైంది. వర్షానికి మొహం వాచిన నేల మీద పెరిగినవాడు కదా, మంచు కరిగి వాలు వెంట పారిపోతుంటే ఆయన ప్రాణం ఊరుకోలేదు. "గింత నీళ్ళు వట్టిగ పోతుంటే చూసుకుంట ఎట్ల కూసుంటర్రా? మీ తెలకపల్లోళ్ళకు బోర్లున్నయ్, నీళ్ళ ఇలువ తెల్వదు" అని నన్ను దెప్పేవాడు. పొగమంచు కమ్మి ఎదుటి కొండ కనబడని రెండు రోజుల్లో, బంకరు గుమ్మానికి కొంచెం దిగువన రాళ్ళు పేర్చి, మట్టి తొక్కి, చేనుకు వేసినట్టే కట్ట వేశాడు. నీళ్ళు నిలిచాయి. మంచు కరిగించే బాధ తప్పిందని మేమంతా మురిసిపోయాం. కట్ట అయితే బలంగా వేశాడు గానీ దానికి మత్తడి పెట్టలేదు. మిగులు నీళ్ళు పోయే దారి ఒకటి ఉండాలని నాకూ తోచలేదు. మా మెట్ట చేలల్లో నీళ్ళు మిగలడం ఎవరు చూశారు?

తర్వాత ఎండ కాసింది. కొండంతా ఒక్కసారి కరగడం మొదలైంది. ఆ రోజు పొద్దుటి నుంచే గుండ్లు ఆగకుండా పడుతున్నాయి. మధ్యాహ్నానికి నీళ్ళు గడప దాటి లోపలికొచ్చి మోకాళ్ళ దాకా చేరాయి. ఆ చలిలో కాళ్ళు నీళ్ళలో నానితే వేళ్ళు నల్లబడి ఊడిపోతాయి. మందుగుండు పెట్టెలు భుజాన ఎత్తుకుని నడుం వంచి నిలబడ్డాం. బయటికి పోతే గుండు, లోపల ఉంటే నీళ్ళు. "పొగమంచు దిగెదాక ఆగుదమన్నా" అని నేను ఆయన నడుముపట్టీ పట్టుకున్నాను. నాకు కాళ్ళలో స్పర్శ పోయి చాలాసేపయింది, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు గానీ ఆయన కనిపెట్టాడు. "కట్ట నేనేసిన. నేనే తెంపుత. జర ఇడువు" అన్నాడు. చిన్న పార తీసుకుని పాకుతూ పోయాడు.

కాసేపటికి నీళ్ళు కదిలాయి. మోకాళ్ళ నుంచి పిక్కలకు, పిక్కల నుంచి మడమలకు దిగాయి. సంతోషంతో ఒకరినొకరం కావలించుకున్నాం. అప్పుడే గుమ్మం ముందు గుండు పడింది. తుపాకీ పెట్టే సందులోంచి చూస్తే తెగిన కట్ట పక్కన అన్న పడి ఉన్నాడు. పిలిచాను. రావద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను బయటికి దూకబోతే మిగిలిన ఇద్దరూ నన్ను కిందపడేసి నా మీద కూర్చున్నారు. వాళ్ళను తిట్టిన తిట్లు ఇప్పుడు రాయలేను. పొద్దు వాలాక పొగమంచు దిగింది. ముగ్గురం వెళ్ళి లోపలికి మోసుకొచ్చాం. ఊపిరి లేదు, కానీ చొక్కా కింద ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ తర్వాత నాకు పెళ్ళి, పిల్లలు, పింఛను, మోకాళ్ళ నొప్పులు అన్నీ వరుసగా వచ్చాయి. ఆ మధ్యాహ్నం పొగమంచు దిగడానికి పట్టినంత సేపు వాటిలో ఏదీ పట్టలేదు.